హాస్యానికి ప్రమాణమేది?

ఒక కళాకృతి మంచిదా కాదా అన్న విషయంలో ఇద్దరు మిత్రులు విభేదించినప్పుడు, ఆ భేదాన్ని తీర్చగల ప్రమాణం ఏదైనా ఉన్నదా, లేక అది ఇద్దరి అభిరుచుల మధ్య తేడాగా మిగిలిపోవలసిందేనా అన్న ప్రశ్న సౌందర్యశాస్త్రంలో ఎంతో పాతది. కావ్యాలను, శిల్పాలను ముందు పెట్టుకొని ఆ ప్రశ్న అడగడం పండితులకు పరిపాటి. అయితే నేటి యువతరంలో చాలామందికి అది ఎదురయ్యేది పెద్దల కోసం వెలువడిన కామిక్స్ గురించి, ఒక కుటుంబాన్నో చిన్న ఊరినో కేంద్రంగా చేసుకొని అరగంట కథలుగా సాగే అమెరికన్ యానిమేషన్ హాస్య ధారావాహికల గురించి తమలో తాము చేసుకొనే చర్చల్లోనే. 'ద సింప్సన్స్' గొప్పదా, 'సౌత్ పార్క్' గొప్పదా, వీటన్నిటి కంటె 'బోజాక్ హార్స్‌మన్' లోతైనదా అన్న వాదం గంటల తరబడి సాగి, చివరకు ఎవరి ఇష్టం వారిదన్న మాటతో ఆగిపోతుంది. ఆ ముగింపు మర్యాదగా కనిపించినా సత్యం కాదని, అటువంటి వాదంలో నిజంగా తేలవలసింది ఇష్టాయిష్టాల సంగతి కాక, మనిషి దేనిని చూసి నవ్వవచ్చునన్న ధర్మప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కామిక్స్, యానిమేషన్ అనే ఈ రెండు కళారూపాలకూ పిల్లల వినోదమన్న ముద్ర నుంచి బయటపడవలసిన అవసరం ఉమ్మడిగా కలిగింది. 1954లో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ కామిక్స్ వల్ల బాలలు చెడిపోతున్నారని ఒక గ్రంథం రాయగా, అదే ఏడాది అమెరికన్ సెనేట్ ఉపసంఘం ఆ విషయమై విచారణ జరిపింది. ఆ ఒత్తిడికి లోనైన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళిని విధించుకొని, మంచి ప్రతిసారీ చెడు మీద గెలిచి తీరాలని, అధికారంలో ఉన్నవారి మీద అగౌరవం కలిగే విధంగా వారిని చిత్రించరాదని నిర్ణయించారు. ఆ కట్టు చాలావరకు సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1986లో ఆలన్ మూర్, డేవ్ గిబన్స్‌ల 'వాచ్‌మెన్' మొదలయింది. ఆ ఏడాదే ఆర్ట్ స్పీగెల్‌మన్ రచించిన 'మౌస్' తొలి సంపుటం పుస్తకరూపంలో వచ్చింది. అణుయుద్ధాన్ని ఆపడానికి లక్షలాది నగరవాసులను చంపినవాడు తప్పు చేశాడా ఒప్పు చేశాడా అన్న తీర్పును 'వాచ్‌మెన్' పాఠకునికే వదిలిపెట్టింది. నియమావళి నిషేధించినది సరిగ్గా ఆ స్వేచ్ఛనే. రక్తపాతం, నగ్నత్వం ఉంటే చాలు అది పెద్దల కామిక్ అనుకొనేవారు ఈ తేడాను గమనించరు. తీర్పు చెప్పే బాధ్యతను చదివేవాని మీద పెట్టడమే ఇక్కడ పరిణతికి గుర్తు.

యానిమేషన్ ధారావాహికల చరిత్ర కూడా ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. రాతియుగపు కుటుంబం కథగా 1960లో రాత్రి ప్రధాన సమయంలో ప్రసారమైన 'ద ఫ్లింట్‌స్టోన్స్' 1966లో ఆగిపోయిన తరువాత ఆ రూపం చాలాకాలం నిద్రాణంగా ఉండిపోయింది. మాట్ గ్రేనింగ్ సృష్టించిన సింప్సన్ కుటుంబం 1987లో మరొక కార్యక్రమంలో చిన్న తునకలుగా కనిపించి, 1989 డిసెంబరు నుంచి స్వతంత్ర ధారావాహికగా నేటి వరకూ సాగుతూ వస్తున్నది. 1997లో 'కింగ్ ఆఫ్ ద హిల్', 'సౌత్ పార్క్', 1999లో 'ఫ్యామిలీ గై', 2014లో 'బోజాక్ హార్స్‌మన్' వచ్చాయి. మిత్రుల చర్చల్లో ఎక్కువగా నలిగే పేర్లలో ఇవి కొన్ని.

ఎవరి ఇష్టం వారిదన్న వాదానికి అత్యంత బలమైన సమాధానాన్ని జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1790 నాటి తన మూడవ విమర్శగ్రంథంలో ఇచ్చాడు. ప్రియమైన దానిని, సుందరమైన దానిని అతడు వేరుచేస్తాడు. ఫలానా ద్రాక్షాసవం బాగుందన్న మనిషిని ఎవరైనా ఆపి, నీకు బాగుందని చెప్పమంటే అతడు ఆ సవరణను సంతోషంగా ఒప్పుకొంటాడు. కాని ఒక కృతిని సుందరమన్నవాడు ఆ సవరణను ఒప్పుకోడు, ఎందుకంటే ఆ మాటతో అతడు అందరి అంగీకారాన్నీ కోరుతున్నాడు. ఆ అంగీకారాన్ని తర్కంతో నిరూపించి రాబట్టడం సాధ్యం కాదని కూడా కాంట్‌కు తెలుసు. నిరూపణ కుదరదు, అయినా కోరిక ఆగదు. మిత్రుల వాదం సరిగ్గా ఈ రెంటి మధ్య నడుస్తుంది. 'బోజాక్ హార్స్‌మన్' గొప్పదని నమ్మినవాడు, దాదాపు సంభాషణే లేకుండా సముద్రగర్భంలో సాగిన 2016 నాటి ఎపిసోడ్‌ను, తల్లి శవపేటిక పక్కన నిలబడి కథానాయకుడు ఒక్కడే చివరిదాకా మాట్లాడే 2018 నాటి ఎపిసోడ్‌ను సాక్ష్యంగా చూపిస్తాడు. కేవలం ఇష్టాన్ని ప్రకటించేవానికి సాక్ష్యాలతో పని ఉండదు.

ఈ విషయంలో కోనసీమలోని ముంగండకు చెందిన తెలుగువాడు, 17వ శతాబ్దపు ఆలంకారికుడు జగన్నాథ పండితరాయలు చూపిన విచక్షణ మరింత సూక్ష్మమైనది. రమణీయమైన అర్థాన్ని అందించే శబ్దమే కావ్యమని 'రసగంగాధరం'లో నిర్వచించి, లోకోత్తరమైన ఆహ్లాదాన్ని కలిగించే జ్ఞానానికి విషయం కావడమే రమణీయత అని వివరించిన పండితరాయలు, కొడుకు పుట్టాడని, ధనం వస్తుందని విన్నప్పుడు కలిగే ఆనందాన్ని ఆ కోవ నుంచి తొలగించాడు. ఆ ఆనందం ఎంత గాఢమైనా వినేవాని సొంత లాభానికి ముడిపడి ఉంటుంది కాబట్టి అది కావ్యానందం కాదు. ఈ గీటురాయి నేటి చర్చకు నేరుగా పనికివస్తుంది. పదిహేనేళ్ల వయసులో అన్నతోనో స్నేహితులతోనో కలిసి చూసిన ధారావాహిక మీద మనిషికి ఉండే మమకారంలో అధికభాగం ఆ వయసు మీద, ఆ మనుషుల మీద ఉన్న మమకారమే. 'ద సింప్సన్స్' తొలి పది సీజన్లకు మించిన కళ లేదని పట్టుబట్టేవారిలో కొందరు ధారావాహికను సమర్థిస్తున్నామనుకొంటూ తమ బాల్యాన్ని సమర్థిస్తుంటారు. అది తప్పు కాదు. అయితే దానిని వాదంలో హేతువుగా నిలబెట్టడం కుదరదు. మిత్రుడు ఆ మాట గుర్తుచేస్తే దానిని దెప్పిపొడుపుగా తీసుకోకూడదు.

వాదానికి సైతం శాస్త్రం ఉన్నది. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజిస్తాయి. తత్త్వాన్ని తెలుసుకోవడానికి ప్రమాణాలతో, తర్కంతో సాగేది వాదం. గెలుపే గురిగా, మాటల మోసాలనూ పస లేని ప్రత్యుత్తరాలనూ వాడుకొంటూ సాగేది జల్పం. తనదంటూ ఒక పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటివాని పక్షాన్ని కూల్చడమే పనిగా పెట్టుకొన్నది వితండం. వీటిలో వాదాన్ని ఎవరితో చేయాలన్నది కూడా సూత్రకారుడు చెప్పాడు: శిష్యునితో, గురువుతో, సహాధ్యాయితో, శ్రేయస్సును కోరే విశిష్టులతో, అది కూడా అసూయ లేనివారితో చేయాలని. స్నేహానికి శాస్త్రంలో దక్కిన ఈ చోటు చాలా విలువైనది, ఎందుకంటే ఓడిపోయినా చిన్నతనం కలగని చోటనే మనిషి తన అభిప్రాయాన్ని నిజంగా పరీక్షకు పెట్టగలుగుతాడు. అపరిచితుల మధ్య అదే చర్చ జల్పంగా మారడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇక వాదంలోని విషయానికి వస్తే, ధారావాహికల మధ్య తేడా వాటి హాస్యం పుట్టే తీరులోనే కనిపిస్తుంది. మైక్ జడ్జ్, గ్రెగ్ డేనియల్స్ సృష్టించిన 'కింగ్ ఆఫ్ ద హిల్'లో టెక్సస్ రాష్ట్రపు ప్రొపేన్ గ్యాస్ వ్యాపారోద్యోగి హాంక్ హిల్ తన నియమాలను విడువలేక పడే ఇబ్బందే నవ్వు పుట్టిస్తుంది. ఆ నియమాల మీద రచయితలకున్న గౌరవం ఆ నవ్వులో చెక్కుచెదరదు. 'సౌత్ పార్క్' ఏ పక్షాన్నీ విడిచిపెట్టకుండా ఎగతాళి చేస్తుంది, వారం వారం వార్తల వెంట పరుగెత్తే వేగంతో తయారవుతుంది. 'ఫ్యామిలీ గై' కథను మధ్యలో ఆపి, దానితో సంబంధం లేని చిన్న దృశ్యంలోకి దూకి, నవ్వించి వెనక్కి వస్తుంది. ఈ పద్ధతి మీద 'సౌత్ పార్క్' రచయితలు 2006లో రెండు భాగాల కథ అల్లి, ఆ చమత్కారాలను తొట్టిలో ఈదే మెనటీలనే జలచరాలు బంతులను ఎంచి తయారుచేస్తున్నట్లు చూపించారు. ఆ విమర్శ ఎంత పరుషమైనా దాని వెనుక ఉన్నది కాశ్మీర ఆలంకారికులు ఔచిత్యమని పిలిచిన సూత్రమే: ప్రతి అంశమూ కథాసందర్భానికి, పాత్రకు తగి ఉండాలన్నది. మిత్రులు మాత్రమే కాదు, సృష్టికర్తలు సైతం ఈ వాదంలో పాల్గొంటున్నారని, వారు దానిని రుచిభేదంగా తీసిపారేయలేదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఔచిత్యానికి హాస్యంలో ఉన్న స్థానం చిత్రమైనది. హాస్యం శృంగారం నుంచి పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పగా, ఆ గ్రంథానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు ఆ మాటను విస్తరించి, ఏ రసమైనా అనుచితమైన ఆలంబనంతో ఆభాసగా మారినప్పుడు అది హాస్యానికి కారణమవుతుందని వివరించాడు. తగని చోట వీరత్వం, తగని చోట శోకం, తగని చోట ప్రేమ నవ్వు తెప్పిస్తాయి. సింప్సన్ కుటుంబపు తండ్రి హోమర్ తన సోమరితనాన్ని వీరోచితంగా సమర్థించుకొన్నప్పుడు జరిగేది ఇదే. భరతుడు నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు తరగతులుగా విభజించి, రెండేసి చొప్పున ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు కేటాయించాడు. ఈ విభజన నవ్వే శరీరానికి, నవ్వేవాని ప్రకృతికి సంబంధించినది. నవ్వు పుట్టించే వస్తువు మంచిచెడులను అది సూటిగా నిర్ణయించదు.

ఆ లోటును అరిస్టాటిల్ కొంతవరకు పూరిస్తాడు. నికొమాకియన్ నీతిశాస్త్రం నాలుగవ భాగంలో అతడు చతురత కూడా ఒక సద్గుణమేనని, అది రెండు దోషాలకు నడుమ ఉంటుందని చెప్పాడు. ఎవరికి నొప్పి కలిగినా లెక్కచేయక నవ్వించడమే ధ్యేయంగా గలవాడు విదూషకప్రాయుడు. తాను నవ్వక, నవ్వేవారిని సహించక ఉండేవాడు మొరటువాడు. ఏది అనదగినదో, ఏది వినదగినదో ఎరిగినవాడు చతురుడు. పదమూడవ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ ఈ భావాన్నే స్వీకరించి, ఆటపాటల విషయంలోనూ సద్గుణం ఉంటుందని, హాస్యానికి చోటివ్వక తోటివారికి భారమయ్యేవాడు సైతం దోషం చేసినవాడేనని వాదించాడు. మతం నవ్వుకు విరోధి అన్న సామాన్యాభిప్రాయాన్ని ఈ ఒక్క వాదమే తోసిపుచ్చుతుంది. అయితే అరిస్టాటిల్ చెప్పిన చతురునికి ఏది తగునో ఎట్లా తెలుస్తుంది? అతడు తనకు తానే ఒక నియమం వంటివాడని అరిస్టాటిల్ సమాధానం. చతురుడు కూర్చున్న సభలో లేని మనిషిని గురించి ఆ సమాధానంలో ఏమీ లేదు. హాస్యానికి ప్రమాణమేదన్న ప్రశ్న అక్కడే తెరుచుకొంటుంది.

'ద సింప్సన్స్'లోని అపు పాత్ర ఈ ప్రశ్నను పరీక్షించడానికి తగిన నిదర్శనం. 1990లో తొలిసారి కనిపించిన ఈ కిరాణా దుకాణదారుకు సత్యజిత్ రాయ్ చిత్రత్రయంలోని బాలుని పేరు పెట్టారు. ఆ పేరు వెనుక గౌరవమే ఉన్నది. 1992లో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో హోమర్ చర్చికి వెళ్లడం మానేసి తన సొంత మతాన్ని ఊహించుకొంటాడు. అతని ఇల్లు అంటుకొన్నప్పుడు క్రైస్తవుడైన పొరుగువాడు, యూదుడైన విదూషకుడు, హిందువైన అపు కలిసి మంటలను ఆర్పుతారు. భిన్నమతాల మిత్రుల హృదయాల్లో దైవం పనిచేసిందని చెబుతూ చర్చి పెద్ద, మొదటి ఇద్దరి మతాలను పేరుతో చెప్పి, అపు దగ్గరకు వచ్చేసరికి ఇతరులన్న కోవలో చేరుస్తాడు. వెంటనే అపు హిందువుల సంఖ్య కోట్లలో ఉన్నదని గుర్తుచేస్తాడు. ఆ హాస్యానికి గురి అపు కాదు, ప్రపంచంలోని ఒక పెద్ద మతం పేరును పలకవలసిన అవసరమే తోచని చర్చి పెద్ద. 1995లో శాకాహారిగా మారిన హోమర్ కూతురు లీసాకు, ఇతరుల తిండిని సహించే ఓర్పును అపు నేర్పుతాడు. 1996లో వలస వచ్చినవారిని వెళ్లగొట్టాలన్న ప్రజాభిప్రాయ సేకరణ మీద అల్లిన కథకు అతడే కేంద్రం. ఈ ధారావాహికను ప్రేమించేవారు ఇవన్నీ చూపి, అపును మనసున్న పాత్రగా తీర్చిదిద్దారని చెప్పడం అన్యాయం కాదు.

2017లో హాస్యనటుడు హరి కొండబోలు ఈ పాత్ర మీద ఒక డాక్యుమెంటరీ విడుదల చేశాడు. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిపెరిగిన కొండబోలు 'ద సింప్సన్స్'ను చిన్ననాటి నుంచి అభిమానించినవాడు కావడం ఇక్కడ ముఖ్యం. అతని విమర్శ శత్రువు నుంచి వచ్చినది కాదు, న్యాయసూత్రం కోరిన అసూయ లేని సహాధ్యాయి నుంచి వచ్చినది. అపుకు గొంతునిచ్చిన హాంక్ అజారియా భారతీయుడు కాదు. 1968 నాటి 'ద పార్టీ' చిత్రంలో ఆంగ్ల నటుడు పీటర్ సెల్లర్స్ భారతీయునిగా నటిస్తూ పలికిన యాసను ఆదర్శంగా తీసుకొని అజారియా అపు పలుకుబడిని తయారుచేసుకొన్నాడు. అంటే అది కేవలం ఒక మనిషిని చూసి చేసిన అనుకరణ కాదు, అనుకరణకు అనుకరణ కూడా. అమెరికా తెర మీద దక్షిణాసియా ముఖాలు దాదాపు లేని కాలంలో ఆ ఒక్క గొంతే ఒక సమాజమంతటికీ గుర్తయింది. బడిలో తోటి పిల్లలు ఆ యాసతో ఏడిపించిన అనుభవాన్ని పలువురు నటులు ఆ చిత్రంలో చెప్పారు. వారికి తమ తల్లిదండ్రుల మాటతీరే నవ్వులాటగా తిరిగి వినిపించింది.

భారతీయ రసశాస్త్రం తెలిసినవాడు ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ తేగలడు. రసాస్వాదానికి ఏడు విఘ్నాలున్నాయని అభినవగుప్తుడు చెప్పాడు. వాటిలో రెండు, చూస్తున్నది నాకు సంబంధించినదే లేదా ఫలానా మనిషికి సంబంధించినదే అని తలచడం, సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం. వీటిని దాటి, పాత్రల భావాలను ఎవరివీ కానట్టుగా, అందరివీ అయినట్టుగా అనుభవించడాన్ని ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణమన్నాడు. అట్లా అనుభవించగలవాడే సహృదయుడు. ఈ లెక్కన అపును చూసి నొచ్చుకొన్న ప్రేక్షకుడు సహృదయుడు కాడు, తన దుఃఖంలో మునిగి రసాన్ని జారవిడుచుకొన్నవాడు. డేవిడ్ హ్యూమ్ 1757లో రుచిప్రమాణం మీద రాసిన వ్యాసంలో సైతం ఉత్తమ నిర్ణేతకు పక్షపాతం ఉండరాదన్నాడు కాబట్టి, ఈ ఆక్షేపణకు పశ్చిమం నుంచి కూడా మద్దతు దొరుకుతుంది. మిత్రుల చర్చల్లో ఇదే ఆక్షేపణ చులకన రూపంలో వినిపిస్తుంది: నవ్వులాటను నవ్వులాటగా తీసుకోలేవా అని.

ఈ ఆక్షేపణ నిలవదు. ఎందుకు నిలవదన్నది అభినవగుప్తుని గ్రంథంలోనే ఉన్నది. విఘ్నాలను పేర్కొన్న చోటనే అతడు ప్రతి విఘ్నానికీ నాట్యం సమకూర్చే ఉపాయాన్ని కూడా చెబుతాడు. నటుని వ్యక్తిత్వం అడ్డుపడకుండా పూర్వరంగం, వేషం దానిని మరుగుపరుస్తాయి. ప్రేక్షకుడు తన సొంత చింతలను మరిచిపోవడానికి గీతవాద్యాదులు తోడ్పడతాయి. విఘ్నాన్ని తొలగించే భారం ముందుగా నాట్యానిదే తప్ప ప్రేక్షకునిది కాదు. ఒక కృతి కొందరు ప్రేక్షకులను వారి ఊరి నుంచి, యాస నుంచి, రంగు నుంచి విడిపించడానికి బదులు మాటిమాటికీ వాటినే గుర్తుచేసి అక్కడే కట్టివేస్తే, అక్కడ సాధారణీకరణం విఫలమైంది కృతిలోనే. హోమర్ మూర్ఖత్వంలో ప్రతివాడూ తన మూర్ఖత్వాన్ని చూసుకోగలడు. అపు యాసలో మాత్రం అధికసంఖ్యాక వర్గపు ప్రేక్షకుడు తనను చూసుకోలేడు, తన కంటె వేరైనవానినే చూస్తాడు. ఇతరుని తక్కువతనాన్ని చూసి తన ఆధిక్యం హఠాత్తుగా స్ఫురించడమే నవ్వు అని థామస్ హాబ్స్ 1651లో చెప్పిన సిద్ధాంతం హాస్యమంతటికీ వర్తించదు గాని, ఈ రకం నవ్వుకు బాగా వర్తిస్తుంది.

హ్యూమ్ వ్యాసంలోనే ఈ సమాధానానికి బలం చేకూర్చే కథ ఒకటి ఉన్నది. స్పానిష్ నవల 'డాన్ కిహోటే'లో సాంకో పాంజా తన బంధువులిద్దరిని గురించి చెప్పిన ఆ కథలో, ఒక పీపాలోని ద్రాక్షాసవాన్ని రుచి చూసి ఒకడు అందులో తోలు వాసన ఉన్నదని, మరొకడు ఇనుము వాసన ఉన్నదని అంటారు. చుట్టూ ఉన్నవారు ఇద్దరినీ ఎగతాళి చేస్తారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరుకుతుంది. హ్యూమ్ ఈ కథను సున్నితమైన రుచికి ఉదాహరణగా వాడుకొన్నాడు. కాని తోలును గుర్తుపట్టగలిగినవాడు తోలు ఎరిగినవాడే కావడం సహజం. ఆ ఎరుకను పక్షపాతమని కొట్టివేస్తే తాళంచెవి ఎన్నటికీ బయటపడదు. ఒక వర్గం మీద వేసిన చమత్కారంలో చేదు ఉన్నదో లేదో ఆ వర్గపు మనిషి నాలుకకు ముందుగా తెలుస్తుంది, అంతమాత్రాన అతని నాలుక చెడిపోయినదని అర్థం కాదు.

ఇక్కడ 'మౌస్' మళ్లీ గుర్తుకు రావాలి. నాజీల మారణహోమం నుంచి బయటపడిన తన తండ్రి కథను చెప్పడానికి స్పీగెల్‌మన్ యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా, పోలండ్ వాసులను పందులుగా గీశాడు. పందులన్న చిత్రణ పోలండ్‌లో చాలామందికి అవమానంగా తోచింది, ఆ భాషలో పుస్తకం 2001 దాకా రాలేదు, వచ్చినప్పుడు నిరసనలు తప్పలేదు. 1992లో ప్రత్యేక పులిట్జర్ పురస్కారం పొందిన అంతటి కృతి కూడా ఈ ప్రశ్నకు అతీతం కాదు. అయితే 'మౌస్'కు, అపు పాత్రకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. 1991 నాటి రెండవ సంపుటంలో రచయిత తనను తాను ఎలుక ముఖంతో కాక, ఎలుక ముసుగును దారంతో కట్టుకొన్న మనిషిగా చిత్రించుకొని, తాను ఎంచుకొన్న రూపకం ఎంతవరకు న్యాయమన్న అనుమానాన్ని పాఠకుని ముందే పెట్టాడు. ముసుగు ముసుగేనని ఆ కృతి దాచిపెట్టదు. మనుషులను జాతులుగా విడగొట్టిన నాజీల పిచ్చిని ఆ ముసుగులు అనుకరిస్తాయి, అనుకరిస్తూనే విరగగొడతాయి. 2022 జనవరిలో టెనెసీ రాష్ట్రంలో ఒక కౌంటీ బడుల పాలకమండలి ఈ గ్రంథాన్ని అందులోని కొన్ని పరుష పదాలు, ఒక నగ్నచిత్రం కారణంగా పాఠ్యప్రణాళిక నుంచి తొలగించింది. 1954 నాటి నియమావళి ఏ పొరపాటు చేసిందో ఈ నిర్ణయమూ అదే చేసింది: పైకి కనిపించే గుర్తులను లెక్కపెట్టి, కృతి తన వస్తువు పట్ల ఎట్లా నిలబడిందన్నది విడిచిపెట్టింది. గాయపడినవాని మాటను వినడం వేరు, గుర్తులను చూసి నిషేధించడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా కలిపివేయడం వల్లనే, నొచ్చుకొన్నానని ఎవరైనా అన్న వెంటనే స్వేచ్ఛకు ముప్పు వచ్చిందన్న కేకలు లేస్తున్నాయి.

గాయపడినవాని మాటకు చర్చలో ఏ స్థానం ఇవ్వాలన్నదానికి న్యాయశాస్త్రంలో స్పష్టమైన ఆధారం ఉన్నది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం అనే మూడింటితో పాటు శబ్దాన్ని నాలుగవ ప్రమాణంగా అంగీకరించిన నైయాయికులు, ఆప్తుని మాటే శబ్దప్రమాణమన్నారు. ఒక విషయాన్ని స్వయంగా సాక్షాత్కరించుకొని, దానిని ఉన్నదున్నట్లు తెలియజేయాలన్న కోరికతో చెప్పేవాడే ఆప్తుడని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించి, ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని స్పష్టంగా చెప్పాడు. ఆప్తత్వానికి పుట్టుకతో గాని పదవితో గాని పని లేదన్న ఈ మాట భారతీయ జ్ఞానశాస్త్రంలోని అత్యుదారమైన వాక్యాల్లో ఒకటి. దీనిని హాస్యానికి అన్వయిస్తే, ఒక చమత్కారం బడి ఆవరణలో ఏమి చేసిందన్న విషయంలో అక్కడ ఏడిపించబడిన పిల్లవాడే ఆప్తుడు. ఆ చమత్కారాన్ని రాసినవాడు, చూసి నవ్వినవాడు ఆ ఒక్క విషయంలో అనుమానం మీద ఆధారపడవలసినవారు. ఆప్తుని మాట చర్చను ముగించదు. ఆ పాత్రలో మంచి కూడా ఉన్నదా, దానిని తిరగరాయడం సాధ్యమా, అన్యాయం రచనలో ఉన్నదా లేక గొంతులో ఉన్నదా అన్న ప్రశ్నలు ఆ తరువాత కూడా మిగులుతాయి, వాటిలో అతడు కూడా ఓడిపోవచ్చు. కాని ఆ మాటను లెక్కలోకి తీసుకోని వాదం ఒక ప్రమాణాన్ని కావాలని పక్కన పెట్టిన వాదం. దానికి తత్త్వనిర్ణయం మీద హక్కు లేదు.

2018 ఏప్రిల్‌లో 'ద సింప్సన్స్' ఈ విమర్శకు ఇచ్చిన జవాబు ఆ కోవలోనిదే. ధారావాహికలో అందరికంటె నైతికస్పృహ గల లీసా చేత, ఒకనాడు అందరూ మెచ్చుకొన్నది ఈనాడు తప్పయితే ఏమి చేయగలమన్న భావం పలికించి, పక్కన అపు చిత్రపటం చూపి ఊరుకొన్నారు. విమర్శ సరైనదా కాదా అన్నదాని మీద అక్కడ ఏ పక్షమూ స్థాపించలేదు. గౌతముని విభజన ప్రకారం అది వితండం, పైగా లీసా పాత్ర మీద కూడా అన్యాయం. అజారియా మాత్రం వేరుగా ప్రవర్తించాడు. దక్షిణాసియా మూలాలున్నవారి మాటలు విని, 2020లో ఆ పాత్రకు గొంతునివ్వడం మానుకొని, మరుసటి ఏడాది బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. వాదంలో ఓటమిని గౌరవంగా అంగీకరించడం ఎట్లా ఉంటుందో తెలుసుకోగోరే మిత్రులకు ఇది మంచి ఉదాహరణ.

ఆ తరువాత అపు మాట లేని పాత్రగా జనసమూహాల వెనుక నిలబడిపోయాడు. కొండబోలు కోరినది ఇది కాదు. పాత్రను తొలగించమని అతడు అడగలేదు, దానిని తెలివిగా, పూర్ణమనిషిగా మళ్లీ రాయమన్నాడు. మంటలు ఆర్పడానికి మిత్రులతో కలిసి పరుగెత్తిన, తన మతాన్ని పేరుతో పిలవమని చర్చి పెద్దను నిలదీసిన ఆ దుకాణదారు నోరు మూయించడం న్యాయం చేయడం కాదు, వాదాన్ని మధ్యలో వదిలి వెళ్లిపోవడం. అతనికి కొత్త గొంతు, కొత్త కథ ఇవ్వగల రచయితలు అమెరికాలో ఇప్పుడు కొదవలేదు కాబట్టి, ఆ పని చేయకపోవడానికి ఆ ధారావాహికకు చెప్పుకోదగిన కారణం ఏదీ లేదు.